ఆన్‌లైన్ దూషణకు జైలు శిక్షే మందా? బెంగాల్‌లోని రెండు కేసులు చెబుతున్నదేమిటి?

అనుమతి లేకుండా ఒక యువతి ఆంతరంగిక చిత్రాలను అంతర్జాలంలో పెట్టిన వ్యక్తికి అయిదేళ్ల జైలు శిక్ష పడింది. రైల్వే మంత్రి మార్పుపై వచ్చిన వ్యంగ్యచిత్రాన్ని పరిచయస్థులకు పంపిన ఒక ఆచార్యుడు అరెస్టయ్యారు. ఆ కేసు నుంచి బయటపడడానికి ఆయనకు దాదాపు పదకొండేళ్లు పట్టింది. ఈ రెండూ పశ్చిమ బెంగాల్‌లో జరిగినవే. రెండింటిలోనూ పోలీసులు ప్రయోగించినది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమే.

సామాజిక మాధ్యమాల్లో తిట్లు, బెదిరింపులు, పరువు తీసే రాతలు వెల్లువెత్తినప్పుడల్లా ‘ఇలాంటి వారిని జైల్లో పెట్టాలి’ అన్న మాట వినిపిస్తుంది. బాధితుల వేదన తెలిసినవారికి ఆ కోరిక సహజంగానే తోస్తుంది. అయితే జైలు అనే ఆయుధం ఎవరిని కాపాడుతున్నది, ఎవరిని గాయపరుస్తున్నది అన్నది తేల్చుకోవాలంటే ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడాలి. బెంగాల్‌లో తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు ఈ ప్రశ్న మరింత దగ్గరిది.

ఒకే చట్టం, రెండు ఫలితాలు

మొదటి కేసు పాన్స్‌కురాలో నమోదైంది. హౌరా, ఖరగ్‌పూర్ రైలుమార్గంలో ప్రయాణించేవారికి సుపరిచితమైన స్టేషను అది. తనతో సంబంధం తెంచుకున్న యువతిపై కక్షతో ఒక యువకుడు ఆమె ఆంతరంగిక చిత్రాలను అశ్లీల వెబ్‌సైట్లో పెట్టాడని 2017లో పోలీసులకు ఫిర్యాదు అందింది. పూర్వ మేదినీపూర్ జిల్లా కేంద్రమైన తమ్లుక్‌లోని కోర్టు 2018 మార్చిలో తీర్పు చెప్పింది. నిందితుడికి అయిదేళ్ల జైలు శిక్ష, 9,000 రూపాయల జరిమానా విధించింది. పరిహారం విషయంలో ఆమెను అత్యాచార బాధితురాలితో సమానంగా పరిగణించాలని కూడా సూచించింది. ప్రతీకారంతో ఆంతరంగిక చిత్రాలను బయటపెట్టిన నేరానికి దేశంలో పడిన తొలి శిక్షగా పత్రికలు ఈ తీర్పును పేర్కొన్నాయి. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య ఏడాది కూడా గడవలేదు.

రెండవ కేసు కోల్‌కతాది. 2012 మార్చిలో రైల్వే బడ్జెట్‌లో ఛార్జీలు పెంచిన దినేశ్ త్రివేదీ పదవి కోల్పోయారు. ఆయన స్థానంలో ముకుల్ రాయ్ రైల్వే మంత్రి అయ్యారు. ఆ పరిణామంపై, సత్యజిత్ రాయ్ తీసిన ‘సోనార్ కెల్లా’ సినిమాను గుర్తుచేస్తూ ఒక వ్యంగ్యచిత్రం వెలువడింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన అంబికేశ్ మహాపాత్ర దానిని ఈమెయిలు ద్వారా ఇతరులకు పంపారు. ఏప్రిల్‌లో ఆయననూ, ఆయన నివాస సముదాయానికి చెందిన ఒక వృద్ధ ఇంజినీరునూ పోలీసులు అరెస్టు చేశారు. ఇద్దరికీ 50,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ అదే ఏడాది సిఫారసు చేసింది. అయినా కేసు ఆగలేదు. ఆచార్యుడికి కోర్టులో విముక్తి లభించినది 2023 జనవరిలో. ఆయనతోపాటు అరెస్టయిన వృద్ధుడు ఆలోగానే మరణించారు.

మొదటి కేసులో చట్టం ఒక నిస్సహాయురాలి పక్షాన నిలిచింది. రెండవ కేసులో అధికారంలో ఉన్నవారికి రుచించని నవ్వును అణచడానికి ఉపయోగపడింది. శిక్ష ఎన్నేళ్లన్నది ఈ తేడాకు కారణం కాదు. నేరానికి చట్టం ఇచ్చిన నిర్వచనమే కారణం. అనుమతి లేకుండా ఆంతరంగిక చిత్రాన్ని ప్రచురించడం అన్నది స్పష్టమైన చర్య. జరిగిందో లేదో సాక్ష్యంతో తేల్చవచ్చు. ‘చిరాకు కలిగించడం’, ‘తీవ్రంగా నొప్పించడం’ అన్నవి చదివేవారి మనసును బట్టి మారిపోతాయి.

కొట్టివేసిన 66ఏ: తెలుగు నేలతో ముడిపడిన చరిత్ర

ఆచార్యుడిపై ప్రయోగించిన సెక్షన్లలో ముఖ్యమైనది సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ. 2008 సవరణ ద్వారా వచ్చి 2009 అక్టోబరులో అమలులోకి వచ్చిన ఈ సెక్షను, తీవ్రంగా నొప్పించే సందేశాలకూ, చిరాకు లేదా అసౌకర్యం కలిగించడానికి పంపే తప్పుడు సమాచారానికీ మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించింది.

ఈ సెక్షను చరిత్రలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక స్థానమున్నది. అప్పటి తమిళనాడు గవర్నరు కె.రోశయ్య పైనా, చీరాల శాసనసభ్యుడు ఆమంచి కృష్ణమోహన్ పైనా ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు చేశారన్న ఆరోపణపై పౌరహక్కుల నాయకురాలు, న్యాయవాది జయా వింధ్యాలను 2013 మే నెలలో అరెస్టు చేశారు. ఈ వ్యవహారం కొద్ది రోజుల్లోనే సుప్రీంకోర్టుకు చేరింది. సీనియర్ పోలీసు అధికారి అనుమతి లేకుండా 66ఏ కింద ఎవరినీ అరెస్టు చేయరాదన్న కేంద్ర మార్గదర్శకాన్ని రాష్ట్రాలు తప్పక పాటించాలని కోర్టు అప్పుడే స్పష్టం చేసింది.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనునే కొట్టివేసింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మరొకరు జస్టిస్ రోహింటన్ నారీమన్. ఒక విషయాన్ని చర్చించడం, దానిని సమర్థించడం, హింసకు లేదా అశాంతికి ప్రేరేపించడం అన్నవి మూడు వేర్వేరు దశలని ఆ తీర్పు వివరించింది. మొదటి రెండూ ఎంత కటువుగా ఉన్నా రాజ్యాంగ రక్షణ ఉంటుందనీ, మాట ప్రేరేపణ స్థాయికి చేరినప్పుడే ఆంక్షకు తావుంటుందనీ తేల్చింది.

సెక్షను పోయినా దాని కింద కేసులు పోలేదు. చట్టంలో లేని సెక్షనుతో పోలీసులు కేసులు పెడుతున్నారని తెలిసి 2021 జులైలో సుప్రీంకోర్టు విస్మయం వ్యక్తం చేసింది. 66ఏ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో మరోసారి ఆదేశించవలసి వచ్చింది. జాదవ్‌పూర్ ఆచార్యుడి కేసు ఆ తరువాత కూడా కొన్ని నెలలు నడిచింది.

రైల్వే పట్టణంలో అరెస్టు అంటే

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో పుట్టి పెరిగిన పట్టణం. ఉత్తరాంధ్ర నుంచి రైలు పనికి, వర్క్‌షాపులో కొలువుకు వచ్చిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. నేటికీ ఎన్నో ఇళ్లకు రైల్వే జీతమో, పింఛనో ఆధారం. అందువల్ల అక్కడ అరెస్టు అన్న మాటకు అదనపు బరువున్నది.

1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల ప్రకారం, ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే నిర్బంధంలోకి తీసుకున్న తేదీ నుంచే సస్పెన్షన్‌లో ఉన్నట్లు పరిగణిస్తారు. నేరం రుజువయ్యే వరకూ ఆగే పని లేదు. అంటే, వాట్సాప్ సమూహంలో పెట్టిన ఒక సందేశంపై అరెస్టయి, మూడు రోజుల తరువాత బెయిలు దొరికిన ఉద్యోగికి శిక్ష అప్పటికే మొదలైనట్లే. తీర్పులో నిర్దోషి అని తేలినా మధ్యలో పోయిన కాలం, ఇంటి పరువు తిరిగి రావు.

ఇది రైల్వేకే పరిమితమైన సమస్య కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ ఖైదీలే. వంద మందికి చోటున్న జైళ్లలో సగటున 131 మంది ఉన్నారు. పశ్చిమ బెంగాల్ 1992 చట్టం ద్వారా జైళ్లకు ‘సంస్కరణ గృహాలు’ అని పేరు మార్చింది. పేరులోని ఆశయం గొప్పదే. కిక్కిరిసిన గదిలో, వృత్తి నేరస్థుల నడుమ కొన్ని వారాలు గడిపిన కుర్రవాడు నోటి దురుసుతనం మానుకుని బయటికి వస్తాడా అన్నది వేరే ప్రశ్న.

మాటలకూ భావాలకూ మనుషులను నిర్బంధిస్తే ఏమవుతుందో తెలిపే చిహ్నం ఖరగ్‌పూర్‌లోనే ఉన్నది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో విచారణ లేకుండానే యువకులను ఉంచిన హిజ్లీ నిర్బంధ శిబిరం అక్కడిది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ ఘటనను బహిరంగంగా ఖండించారు. ఆ శిబిర భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. నాటి నిర్బంధానికీ నేటి సైబర్ చట్టాలకూ పోలిక లేదు. కాని చట్టంలోని అస్పష్టత ఎప్పుడూ బలవంతుడికే అనుకూలిస్తుందన్న పాఠం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

ఇప్పుడు ఏ చర్యకు ఎంత శిక్ష?

66ఏ లేకపోయినంత మాత్రాన బాధితులకు చట్టరక్షణ లేకుండా పోలేదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, సమాచార సాంకేతిక చట్టం కలిసి అనేక చర్యలకు జైలు శిక్ష విధిస్తున్నాయి.

• మహిళ వద్దని చెప్పినా పదేపదే సందేశాలు పంపడం, ఆమె ఈమెయిలును, అంతర్జాల వినియోగాన్ని గమనిస్తూ వెంటాడడం: న్యాయ సంహిత 78వ సెక్షను. తొలిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకు జైలు.
• మాటతో, సైగతో మహిళ గౌరవాన్ని కించపరచడం: 79వ సెక్షను. మూడేళ్ల వరకు జైలు.
• బెదిరింపు: 351వ సెక్షను. మామూలుగా రెండేళ్ల వరకు. చంపుతామని బెదిరిస్తే ఏడేళ్ల వరకు. పేరు దాచుకుని బెదిరిస్తే మరో రెండేళ్లు అదనం.
• వ్యక్తి గోప్యతను భంగపరిచే చిత్రాలు తీయడం, ప్రచురించడం: సమాచార సాంకేతిక చట్టం 66ఈ. మూడేళ్ల వరకు.
• లైంగిక దృశ్యాల ప్రచురణ: 67ఏ. తొలిసారి అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. పిల్లలకు సంబంధించినదైతే 67బీ, పోక్సో చట్టం వర్తిస్తాయి.
• ఇతరుల పేరుతో నకిలీ ఖాతా నడిపి మోసగించడం: 66డీ. మూడేళ్ల వరకు.
• కులం పేరుతో దూషణ: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల వరకు. అంతర్జాలంలో అందరూ చూసేలా చేసిన దూషణకూ ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు పేర్కొన్నది.
• పరువు నష్టం: 356వ సెక్షను. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ.

చివరి అంశంలోని ‘సమాజ సేవ’ గమనించదగినది. పాత శిక్షాస్మృతిలో లేని ఈ శిక్షను కొత్త సంహిత కొన్ని చిన్న నేరాలకు ప్రవేశపెట్టింది. మాటతో చేసిన తప్పుకు నాలుగు గోడలే మార్గం కానక్కర లేదని చట్టమే ఒప్పుకున్నట్లయింది. నిందితుడి వయసు 18 ఏళ్లలోపు అయితే సాధారణ జైలు ప్రసక్తే లేదు. అతడు బాలల న్యాయమండలి ముందుకు వెళ్తాడు. మండలి కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, ప్రత్యేక గృహానికి పంపవచ్చు.

తెలుగు రాష్ట్రాల అనుభవం

చట్టం చేతిలో ఉన్నవారు మారినా దాని వినియోగం ఎలా సాగుతుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం తెలియజేస్తున్నది. 2017 ఏప్రిల్‌లో ‘పొలిటికల్ పంచ్’ అనే ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుడిని శాసనమండలిపైనా, పాలక పక్ష నేతలపైనా పెట్టిన వ్యంగ్య పోస్టులకుగాను అరెస్టు చేశారు. 2020 మే నెలలో విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీ ఘటనపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు లేవనెత్తిన గుంటూరు మహిళను సీఐడీ పోలీసులు విచారించారు. ఆమె వయసు అప్పటికి 66 ఏళ్లు. 2024 నవంబరులో సామాజిక మాధ్యమ పోస్టులపై రాష్ట్రమంతటా వరుసగా కేసులు నమోదయ్యాయి. మూడు సందర్భాల్లోనూ అధికారంలో ఉన్నది ఒకే పక్షం కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావప్రకటన స్వేచ్ఛ అని వాదించినవారే, అధికారంలోకి వచ్చాక కఠిన చర్యలు అవసరమన్నారు.

అయితే ఈ కేసులన్నింటినీ ఒకే గాట కట్టడం సరికాదు. వాటిలో ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టులున్నాయి; ప్రత్యర్థుల ఇళ్లలోని ఆడవారిపై, పిల్లలపై చేసిన జుగుప్సాకరమైన రాతలూ ఉన్నాయి. 2020లో హైకోర్టు న్యాయమూర్తులపై వచ్చిన దూషణలు సీబీఐ దర్యాప్తు వరకు వెళ్లాయి. 2024 కేసుల్లో కొన్నింటిలో వ్యవస్థీకృత నేరాలకు ఉద్దేశించిన 111వ సెక్షనును చేర్చడం వివాదమైంది. ఆ సెక్షను కింద వ్యవస్థీకృత నేరానికి కనీస శిక్షే అయిదేళ్లు, యావజ్జీవం వరకూ విధించవచ్చు. ముఠాల కోసం రూపొందిన సెక్షనును నోటి దురుసుకు తగిలిస్తే, నిజంగా శిక్షార్హమైన పోస్టు పెట్టినవాడు కూడా బాధితుడిగా కనబడే ప్రమాదమున్నది.

తెలంగాణలో 2024 జులైలో జరిగిన మరో ఘటన దీనికి భిన్నమైనది. తండ్రీకూతుళ్ల వీడియోపై లైంగికార్థాలతో హాస్యమాడిన ఒక యూట్యూబర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ నొచ్చుకున్నది అధికారంలో ఉన్నవారు కాదు. దెబ్బతిన్నది తనకు తాను మాట్లాడుకోలేని పసిపిల్ల గౌరవం. ఈ అరెస్టుకు రాజకీయాలకు అతీతంగా మద్దతు లభించింది.

ఇలాంటి తేడాలను పోలీసులు ఆరంభంలోనే గమనించాలని కోర్టులు చెబుతూ వస్తున్నాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడగల మాటల నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడం సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. సామాజిక మాధ్యమ పోస్టులపై యాంత్రికంగా కేసులు, అరెస్టులు తగవంటూ 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పోలీసులకు మార్గదర్శకాలు జారీ చేసింది.

ఇతర ప్రాంతాలు, దేశాలు ఏం చేశాయి?

కేరళ 2020 నవంబరులో తన పోలీసు చట్టానికి 118ఏ సెక్షనును చేర్చింది. అవమానకరమైన సమాచారాన్ని వ్యాప్తి చేస్తే మూడేళ్ల వరకు జైలు అన్నది దాని సారాంశం. మహిళలపై సైబర్ దాడులను అరికట్టడానికే అని ప్రభుత్వం చెప్పినా, పత్రికా స్వేచ్ఛకు ముప్పన్న విమర్శ చెలరేగింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

జపాన్‌లో హనా కిమురా అనే మల్లయోధురాలు అంతర్జాల దూషణల వెల్లువ నడుమ 2020 మే నెలలో మరణించారు. దూషించినవారిలో దొరికినవారికి పడినది 9,000 యెన్‌ల స్వల్ప జరిమానా మాత్రమే. ప్రజాగ్రహం తరువాత 2022లో అవమాన నేరానికి శిక్షను ఏడాది జైలు వరకు పెంచారు. అయితే ఈ చట్టం స్వేచ్ఛను అన్యాయంగా హరిస్తున్నదేమో మూడేళ్ల తరువాత సమీక్షించాలన్న షరతును కూడా అందులోనే చేర్చారు.

బ్రిటన్‌లో నోటుపై రచయిత్రి జేన్ ఆస్టెన్ చిత్రం ఉండాలని ఉద్యమించిన కరొలిన్ క్రియాడో పెరెజ్‌కు హత్య, అత్యాచార బెదిరింపులు పంపిన ఇద్దరికి 2014 జనవరిలో 8 వారాలు, 12 వారాల జైలు పడింది. అదే చట్టం కింద, విమానాశ్రయాన్ని పేల్చేస్తానని విసుగుతో హాస్యమాడిన వ్యక్తిపై 2010లో పడిన శిక్షను 2012లో హైకోర్టు రద్దు చేసింది. బెదిరింపుకూ విసుగు మాటకూ మధ్య తేడాను గుర్తించడానికి అక్కడి న్యాయస్థానాలకూ రెండేళ్లు పట్టింది. ఆస్ట్రేలియా 2021 చట్టం మరో దారి పట్టింది. పెద్దలపై తీవ్ర దూషణ విషయంలో ప్రత్యేక కమిషనర్ నోటీసు ఇస్తే 24 గంటల్లో దానిని తొలగించాలి. లేకుంటే భారీ జరిమానా. అంటే అక్కడ మొదటి లక్ష్యం రాసినవాడిని బంధించడం కాదు, రాతను తొలగించడం.

శిక్ష ఎంత కఠినం అన్నదా, ఎంత ఖాయం అన్నదా?

శిక్ష తీవ్రత కన్నా అది తప్పదన్న నమ్మకమే నేరాన్ని అడ్డుకుంటుందని ఇటలీ న్యాయవేత్త చెజారే బెక్కరియా 1764లోనే వాదించారు. ఆన్‌లైన్ దూషణ విషయంలో ఈ మాట మరింత నిజం. నకిలీ పేరుతో తిట్టేవాడు శిక్ష మూడేళ్లా, అయిదేళ్లా అని లెక్కవేయడు. తాను దొరకనన్న ధీమాయే అతడి బలం.

ఆ ధీమాకు కారణాలున్నాయి. 2022లో దేశంలో నమోదైన సైబర్ నేరాలు 65,893. అందులో 15,297 కేసులతో తెలంగాణ ముందున్నది. మొత్తం కేసుల్లో దాదాపు 65 శాతం డబ్బు మోసాలకు సంబంధించినవి. సమాచార సాంకేతిక చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి అధికారి మాత్రమే దర్యాప్తు చేయాలి. ఖాతాలో సొమ్ము పోయినవారి వరుస పెరుగుతున్న కొద్దీ, దూషణకు గురైనవారి ఫిర్యాదు వెనక్కి జరిగిపోతుంది. గరిష్ఠ శిక్షను రెట్టింపు చేసినా ఈ వరుస తగ్గదు.

తమ్లుక్ తీర్పు విలువ కూడా ఇక్కడే ఉన్నది. ఆ కేసులో చెప్పుకోదగినది అయిదేళ్ల సంఖ్య ఒక్కటే కాదు. ఫిర్యాదును వెంటనే స్వీకరించడం, సాంకేతిక ఆధారాలను సకాలంలో సేకరించడం, ఏడాదిలోపే తీర్పు రావడం దాని నిజమైన బలం.

తెలుగు తిట్టు, బెంగాలీ ఠాణా

ఖరగ్‌పూర్‌లో ఈ సమస్యకు మరో పొర ఉన్నది. అదే భాష. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చిరకాలంగా కోరుతున్నది అదే. కాని తెలుగులో వచ్చిన దూషణను, అందులోనూ ఆంగ్ల లిపిలో రాసిన తెలుగును, బెంగాలీ మాతృభాషగా గల అధికారి చదివి దాని తీవ్రతను అంచనా వేయడం తేలిక కాదు.

‘నీ దుంప తెగ’ అన్న మాటను తెలుగింట అమ్మమ్మ మనవడిని ముద్దుగా విసుక్కుంటూ అంటుంది. మాటకు మాట అనువదిస్తే అది శాపమవుతుంది. ‘నీ సంగతి చూస్తా’ అన్నది అనువాదంలో నిరపాయంగా కనబడుతుంది. అన్నవాడి గొంతు తెలిసినవారికి అది బెదిరింపు. కొన్ని వృత్తుల పేర్లు, ఊరి పేర్లు కులదూషణగా ఎలా మారతాయో తెలుగు సమాజం తెలియనివారికి అర్థం కాదు. అనువాదం పొరపాటైతే నిర్దోషి జైలుకు వెళ్లవచ్చు, దోషి తప్పించుకోవచ్చు. సందర్భాన్ని వివరించే నిష్ణాతుడైన అనువాదకుడు ఠాణాలోనూ, కోర్టులోనూ అందుబాటులో ఉండడం అక్కడి తెలుగువారికి శిక్ష పెంపు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఊరి హద్దులు మరో చిక్కు. ఫిర్యాదుదారు ఖరగ్‌పూర్‌లో, దూషించినవాడు శ్రీకాకుళంలోనో, హైదరాబాదులోనో, విదేశంలోనో ఉండవచ్చు. ‘ఇది మా పరిధి కాదు’ అని పోలీసులు తిప్పిపంపడానికి ఇప్పుడు వీలులేదు. నేరం ఎక్కడ జరిగినా సమాచారాన్ని స్వీకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. ఎలక్ట్రానిక్ మార్గంలోనూ ఫిర్యాదు చేయవచ్చు. మూడు రోజుల్లో సంతకం చేస్తే అది నమోదవుతుంది.

బాధితులు వెంటనే చేయవలసినవి

• దూషణను తొలగించమని కోరే ముందు ఆధారాన్ని భద్రపరచాలి. తెరపై కనబడుతున్నది ఫొటో తీసి, ఆ పోస్టు చిరునామా, ఖాతా పేరు, తేదీ, సమయం రాసి ఉంచుకోవాలి. సందేశాలు వచ్చిన ఫోనును మార్చకపోవడం, చెరపకపోవడం మంచిది.
• సంబంధిత మాధ్యమ సంస్థ ఫిర్యాదుల అధికారికి తెలియజేయాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఆంతరంగిక చిత్రాలను ఫిర్యాదు అందాక నిర్ణీత గడువులోగా తొలగించాలి. సంస్థ స్పందించకుంటే ఫిర్యాదుల అప్పీలు కమిటీని ఆశ్రయించవచ్చు.
• జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మహిళలు, పిల్లలపై లైంగిక దృశ్యాలకు సంబంధించిన ఫిర్యాదుకు పేరు చెప్పనవసరం లేదు. 1930 నంబరు ప్రధానంగా డబ్బు మోసాల కోసం ఉద్దేశించినది.
• మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవా సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు.

గీత ఎక్కడ గీయాలి?

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే జైలు శిక్ష పూర్తిగా అనవసరమన్న వాదన నిలవదు. ప్రాణాలు తీస్తామన్న బెదిరింపు, ఆంతరంగిక చిత్రాల ప్రచురణ, వద్దన్నా వెంటాడడం, పిల్లలపై లైంగిక దూషణ, కులం పేరుతో అవమానం మాటలతో ఆగిపోయేవి కావు. వాటికి గురైనవారు చదువు మానేస్తారు, ఉద్యోగం వదులుకుంటారు, ఊరు విడిచిపోతారు. అలాంటి చర్యలకు జైలు ఉండవలసిందే. దానికి అవసరమైన సెక్షన్లు ఇప్పటికే ఉన్నాయి.

నొచ్చుకోవడాన్ని మాత్రమే కొలతగా తీసుకుని జైలు విధించే చట్టం మరో దారిలో నడుస్తుంది. సామాన్యురాలు నొచ్చుకుంటే ఠాణాలో కాగితం కదలడానికి వారాలు పడుతుంది. నాయకుడు నొచ్చుకుంటే తెల్లవారేసరికి అరెస్టు జరుగుతుంది. కఠినమైన కొత్త చట్టం కోరేవారు ముందుగా ఈ తేడాను గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఏ కేసులోనైనా జైలు తగునా అని నిర్ణయించే ముందు అడగవలసినవి నాలుగు ప్రశ్నలు. మాట ఒక వ్యక్తిని గురిపెట్టిందా, లేక ఒక పదవినీ, విధానాన్నీ విమర్శించిందా? దానివల్ల నిర్దిష్టమైన హాని జరిగిందా? అది ఒక్కసారి జారిన నోరా, వద్దన్నా సాగిన వేధింపా? రాసినవాడికీ, గురైనవారికీ మధ్య బలం ఎవరి పక్షాన ఉన్నది? తమ్లుక్ కేసులో ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు బాధితురాలి వైపే చూపింది. జాదవ్‌పూర్ కేసులో ఒక్కటి కూడా అరెస్టును సమర్థించలేదు. రెండవ కేసును నడపడానికి వ్యవస్థ వెచ్చించిన దాదాపు పదకొండేళ్లలో, మొదటి దానివంటి కేసులు ఎన్నింటినో తేల్చగలిగేది.